ఆ ఇంకో గదిలో నవ్వెవరిది?

నైజీరియా అనగానే నాకు మొదట గుర్తొచ్చేది ఒక కేక. "అప్ నెపా!"

2002 నుంచి 2005 దాకా మేము లాగోస్‌లో, ఇలుపేజు అనే పేటలో ఉన్నాం. మావారి ఉద్యోగం అక్కడ. ఆ ఊళ్ళో కరెంటు పోవడం వార్త కాదు, రావడమే వార్త. వచ్చిన క్షణాన పిల్లలూ పెద్దలూ వీధి వీధంతా ఒక్క గొంతుతో "అప్ నెపా!" అని అరిచేవారు. నెపా అంటే అక్కడి విద్యుత్ సంస్థ. ఆ పొడి అక్షరాలకు జనం చెప్పుకున్న అర్థం వేరు: 'నెవర్ ఎక్స్‌పెక్ట్ పవర్ ఆల్వేస్'. కరెంటు ఉంటుందని ఎప్పుడూ ఆశపడకు అని. మేము తిరిగొచ్చిన ఏడాదే, 2005లో, ప్రభుత్వం ఆ సంస్థను పి.హెచ్.సి.ఎన్.గా మార్చింది. దానికీ అర్థం సిద్ధం: 'ప్రాబ్లమ్ హాజ్ చేంజ్డ్ నేమ్'. కష్టం పేరు మార్చుకుందట! 2013లో దాన్నీ ముక్కలు చేసి ప్రైవేటు కంపెనీలకు అమ్మేశారు. కానీ దీపం వెలిగితే వీధిలో లేచే కేక మాత్రం ఇంకా "అప్ నెపా"నే. మన 'ఫోర్ ట్వంటీ' లాగా అన్నమాట. 2024లో మన శిక్షాస్మృతి మారి ఆ సెక్షన్ పోయింది గానీ తిట్టు పోలేదు కదా. అన్నట్టు అక్కడ మోసగాడిని 'ఫోర్ వన్ నైన్' అంటారు, వాళ్ళ చట్టంలో సెక్షన్ అది. ఒక్క అంకె తేడా.

చేత్తో మోసుకుపోగల చిన్న జనరేటర్ ఒకటి ఉండేది. దాని ముద్దుపేరు 'ఐ బెటర్ పాస్ మై నైబర్'. అంటే పక్కింటివాడి కన్నా నేనే నయం అని. దేశం మొత్తం రాజకీయార్థిక స్థితిని ఒక మిషన్ పేరులో ఇమిడ్చిన జనం వాళ్ళు. దారిలో పోలీసు కారాపి, చిరునవ్వుతో సెల్యూట్ కొట్టి, "మీ కుర్రాళ్ళం ఇక్కడే ఉన్నాం మేడమ్" అనేవాడు. లంచం అన్న మాటే రాదు. కుర్రాళ్ళకి తల్లి ఏమైనా ఇవ్వకుండా పోతుందా?

ఆ రోజుల్లో నేను ఒక తెలుగు వారపత్రికకు లాగోస్ నుంచి ఉత్తరాలు రాసేదాన్ని. హాస్యం అన్నమాట! 2003 చివర్లో ప్రపంచంలో కెల్లా ఆనందంగా ఉన్న ప్రజలు నైజీరియన్లే అని ఒక సర్వే తేల్చినట్టు పత్రికల్లో వచ్చింది. ఆ వార్తను మేము పెట్రోలు కోసం క్యూలో నిలబడి చదివాం. దాని మీద రెండు పేజీలు రాశాను. కానీ పాఠకులకు బాగా నచ్చిన ఉత్తరం వేరే ఉంది. మా ఎదురింటాయన, ఆయన ఇద్దరు భార్యలు, వాళ్ళ ఒకే ఒక్క జనరేటర్ గురించి రాసినది. ఆయన ఏ భార్య గదిలో ఉంటే ఆ రాత్రి ఫ్యాన్ ఆ గదికే. పెద్దావిడ వీధి మలుపులో 'అకరా' వేసి అమ్మేది. అకరా అంటే మన బొబ్బర్ల వడలే, ఆకారంలో తేడా అంతే. పెట్రోలు డబ్బా మోసుకొచ్చి పోసేదీ ఆవిడే. ఆ జనరేటర్ ఏం మాయరోగమో గానీ, ఆయన తలుపు వేసుకున్న గంటకల్లా దగ్గి దగ్గి ఆగిపోయేది. నాసిరకం మిషన్ అని వెక్కిరించాను. తెల్లవారుజామున ఇద్దరు సవతులూ పప్పు పిండి గిలక్కొడుతూ పగలబడి నవ్వుకునేవారని కూడా రాశాను. వాళ్ళ యోరుబా నాకు రాదు. 'ఇంత చీకట్లో, ఇంత ఉక్కలో ఏం చూసి నవ్వుతారో, ఆనందమయులు' అని ఉత్తరం ముగించాను. అభినందిస్తూ బోలెడు కార్డులొచ్చాయి.

ఆ ఉత్తరాలను నేను మర్చిపోయాను. తిరిగొచ్చాక పాఠాలు చెప్పుకుంటూ, పిహెచ్.డి. పిల్లల పేపర్లు దిద్దుకుంటూ ఉన్నాను. 2016 అక్టోబరులో అప్పటి నైజీరియా అధ్యక్షుడు ముహమ్మదు బుహారీ బెర్లిన్‌లో, జర్మనీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ పక్కన నిలబడి ఒక మాట అన్నాడు. తన భార్య ఏ పార్టీకి చెందిందో తనకు తెలియదు గానీ తన వంటగదికీ, తన హాలుకీ, 'ఆ ఇంకో గది'కీ చెందినదని. పక్కనున్నది ఒక దేశాన్ని నడుపుతున్న స్త్రీ అన్న స్పృహ కూడా లేదు. తరువాత ఒక జర్మన్ చానల్ వాళ్ళు సర్దుకునే అవకాశం ఇస్తే, ఆయన సర్దుకోకుండా అదే మాటను ఇంకాస్త వివరించి చెప్పాడు.

దేశమంతా నవ్వింది. 'ది అదర్ రూమ్' సామెతైపోయింది. టీ షర్టులు, కార్టూన్లు, స్టేజీ మీద కమెడియన్లు, ఒకటేమిటి. మా విభాగంలో అప్పుడు లాగోస్ నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని ఉండేది. క్లాసులో నేనూ ఆ జోకులు ఎత్తుకుని నవ్వించాను. ఆ అమ్మాయి నవ్వలేదు. అందరూ వెళ్ళాక నా గదికొచ్చి ఒకటే అడిగింది. "మేడమ్, ఆయన ఏమన్నాడో అందరికీ తెలుసు. అంతకు ముందు ఆవిడేమందో మీకు తెలుసా?"

నాకు తెలీదు. వెతికి చదవాల్సి వచ్చింది. ఆయేషా బుహారీ బి.బి.సి. హౌసా విభాగానికిచ్చిన ఇంటర్వ్యూలో చెప్పింది ఇది: ప్రభుత్వాన్ని కొద్దిమంది చేజిక్కించుకున్నారు, తాను నియమించినవాళ్ళలో చాలామంది ఎవరో అధ్యక్షుడికే తెలియదు, పరిస్థితి మారకపోతే 2019 ఎన్నికల్లో తాను ప్రచారం చెయ్యదు. అధికారంలో ఉన్న భర్త మీద భార్య బహిరంగంగా చేసిన శుద్ధ రాజకీయ విమర్శ అది. నవ్వుల్లో అది కొట్టుకుపోయింది. నైజీరియాలోనే 2018లో ఒక పరీక్షల బోర్డు ఆఫీసులో 3 కోట్ల 60 లక్షల నైరాలను పాము మింగేసిందని వార్త వచ్చి నవ్వులపాలైంది. ఆ పామును నేను నమ్మను గానీ ఆయేషా మాటను నవ్వు మింగేయడం మాత్రం కళ్ళారా చూశాను. మింగినవాళ్ళలో నేనూ ఉన్నాను.

అప్పటినుంచి నన్ను తొలుస్తున్న అనుమానం ఇది. నైజీరియా వ్యంగ్యం ఎవర్నీ వదలదంటారు. సైనిక నియంతల్ని వదల్లేదు, మంత్రుల్ని వదల్లేదు, పాస్టర్లను వదల్లేదు. నిజమే. కానీ ఆ వ్యంగ్యం ఇంటి గడప దగ్గర చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడిపోతుందేమో! ఆ ఇంకో గదిలోకి వెళ్ళినప్పుడు మొగుడి పక్షాన మాత్రమే నవ్వుతుందేమో!

చినువా అచెబె 'ఎ మాన్ ఆఫ్ ది పీపుల్' నవలను ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. 1966 జనవరిలో వచ్చింది. నవల చివర సైనిక కుట్ర ఉంటుంది, పుస్తకం వచ్చిన రోజుల్లోనే నిజంగానే సైనిక కుట్ర జరిగింది. అందుకే దానికి జోస్యం చెప్పిన నవల అని పేరు. మంత్రి నంగా లాంటి పాత్ర మన అసెంబ్లీల్లో కూడా కనిపిస్తాడు గనక మన పిల్లలకు భలే ఇష్టం. కానీ కథ చెప్పే ఒడీలికి నంగా మీద రాజకీయ ఆగ్రహం ఎప్పుడు పుట్టింది? తన స్నేహితురాలు ఎల్సీని నంగా తన పక్కలోకి లాక్కున్నాకే. దానికి ప్రతీకారంగా ఒడీలి, నంగా రెండో భార్యగా చేసుకోబోతున్న ఎడ్నా మీద కన్నేస్తాడు. చివరికి ఆ పిల్ల కోసం నంగా ఇచ్చిన ఓలిని తిరిగి చెల్లించేది ఎక్కడి నుంచి? పార్టీ నిధుల్లోంచి అప్పు తీసుకుని! అచెబెకు ఈ వ్యంగ్యం తెలియకుండా రాశాడని నేననను, ఒడీలిని చూసి ఆయనా నవ్వుతూనే ఉన్నాడు. కానీ నవల మొత్తమ్మీద దుర్మార్గుడిపై చేయెత్తినది ఎవరు? తన కాబోయే భర్తను చంపించినవాణ్ణి హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలు తీసి కాల్చిన లాయరు యూనిస్. ఆమెకు దక్కినవి కొన్ని వాక్యాలు. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పి, యూనిస్ మీద ఒక్క ప్రశ్న కూడా పరీక్షలో ఇవ్వలేదు నేను.

సోయింకా 'ది లయన్ అండ్ ది జ్యుయల్' (1959) నాటకంలో ఇంకా తమాషా. ముసలి ఊరిపెద్ద బరోకా తన మగతనం పోయిందని పెద్దభార్య సడీకు చెవిలో వేస్తాడు. ఆ మాటకు సడీకు ఒంటరిగా, ఒళ్ళు మరిచి, స్త్రీజాతి గెలిచిందని గంతులేస్తుంది. ఆ సన్నివేశంలో హాలు దద్దరిల్లుతుంది. నేను చూసిన విద్యార్థుల ప్రదర్శనలో నేనూ చప్పట్లు కొట్టాను. కానీ అది బరోకా పన్నిన వల. దాన్ని నమ్మి గేలి చెయ్యడానికి వెళ్ళిన పడుచుపిల్ల సిడి ఆ వల్లోనే చిక్కుతుంది. ఆడవాళ్ళ నవ్వును ఎరగా వాడి ఆడదాన్ని పట్టడం! ఆ నాటకంలో చివరిదాకా నవ్వే హక్కు బరోకాకే మిగిలింది.

ఇక ఫేలా కూటీ. ఆయన గురించి రాయాలంటే నాకు ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది, ఎందుకంటే ఆ పాటలు వింటే ఈ వయసులోనూ కాలు నిలవదు. సైనికుల్ని ప్రాణం లేని బొమ్మలతో పోల్చి ఆయన పాడిన 'జాంబీ'కి జవాబుగా 1977 ఫిబ్రవరిలో సైనికులు ఆయన ఇంటి మీద పడ్డారు. డెబ్భై ఆరేళ్ళ ఆయన తల్లిని మేడమీది కిటికీలోంచి విసిరేశారు. మరుసటేడు ఆమె చనిపోయింది. ఆ తల్లి ఫుమిలాయో రాన్సమ్ కూటీ. ఈమె కథ తెలిశాక ఫేలా 1972లో పాడిన 'లేడీ' పాట వినండి. ఆడది అని పిలిస్తే ఒప్పుకోక, లేడీ అనిపించుకోవాలని చూసే చదువుకున్న స్త్రీ మీద ఎగతాళి అది. మగవాళ్ళతో సమానంగా కూర్చుంటుందట, ముందు తనే వడ్డించుకుంటుందట! 1978లో ఆయన ఒకే తంతులో ఇరవై ఏడుమందిని పెళ్ళాడాడు. వాళ్ళకు సమాజంలో గౌరవం కల్పించడానికే అని ఆయన అభిమానులు ఇప్పటికీ వాదిస్తారు. అందులో కొంత నిజం ఉంటే ఉండవచ్చు. సైనికుల దాడిలో ఆ ఆడవాళ్ళూ నానా హింసలూ పడ్డవాళ్ళే.

నాకు వింతగా తోచేది మరొకటి. ఆ తల్లి 1940లలో అబెయోకుటా పట్నంలో మొదలుపెట్టిన సంఘం పేరు 'లేడీస్ క్లబ్బు'. చదువుకున్న క్రైస్తవ గృహిణుల క్లబ్బు. అంగళ్ళలో అమ్ముకునే ఆడవాళ్ళు చదువు నేర్చుకోవడానికి రావడం, తమ బియ్యం అధికారులు ఎలా గుంజుకుంటున్నారో చెప్పడం మొదలుపెట్టాక ఆమె పేరు మార్చింది. 'లేడీస్' తీసేసి 'విమెన్' పెట్టింది. క్లబ్బు పోయి యూనియన్ అయింది. గౌన్లు మాని యోరుబా చుట్టుబట్ట కట్టింది. అంటే కొడుకు పాటకట్టి వెక్కిరించిన 'లేడీ'ని తల్లి పాతికేళ్ళ ముందే వదిలించేసుకుంది. ఆ సంగతి కొడుకు పాటలో ఎక్కడా ఉండదు.

ఆ యూనియన్ ఆడవాళ్ళు ఏం చేశారో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. స్త్రీల మీద వేసిన పన్నులకు వ్యతిరేకంగా 1947, 48లలో వేలమంది రాజు అలాకే అడెమోలా కోట ముందు కూర్చున్నారు. ఊరికే కూర్చోలేదు, పాటలు కట్టి పాడారు. ఆ పాటల్లో రాజుగారి మగతనాన్ని గురించిన ప్రస్తావనలు ఎలాంటివంటే, వాటిని ఈ పత్రికలో అచ్చువేయడానికి మన సంపాదకురాలే జంకుతుంది. 1949 జనవరిలో రాజు గద్దె దిగాడు. రెండేళ్ళలోపే తిరిగి ఎక్కాడు, అది వేరే సంగతి. ఆ పోరాటంలో ఒక చిన్న పిల్లవాడు పెద్దవాళ్ళ మధ్య కబుర్లు మోస్తూ పరిగెత్తేవాడు. వాడే తరువాతి కాలపు సోయింకా. తన బాల్యస్మృతుల పుస్తకం 'అకే'లో ఆ సంగతులు ఎంతో ప్రేమగా రాసుకున్నాడు. అంత చూసినవాడు సడీకు చేత ఆ గంతులెందుకు వేయించాడా అని నాకు ఆశ్చర్యం.

దీనికి ముందు 1929 ఉంది. తూర్పున ఇగ్బో పల్లెల్లో ఒక పాత ఆచారం. భార్యను కొట్టినవాడు, సంత కట్టుబాటు తప్పినవాడు, తన పశువుల్ని ఆడవాళ్ళ చేలమీదికి వదిలినవాడు ఎవడైనా ఉంటే, ఆడవాళ్ళంతా కలిసి వాడి ఇంటిని చుట్టుముట్టేవారు. వాడి మీద, వాడి మగతనం మీద పాటలు కట్టి పాడుతూ, ఆడుతూ, కందగడ్డలు దంచే రోకళ్ళతో గోడలు బాదుతూ, తప్పు ఒప్పుకునేదాకా కదిలేవారు కాదు. దాన్ని వాళ్ళు 'మగాడి మీద కూర్చోవడం' అంటారు. పేరు చూడండి ఎంత బాగుందో! 1929 నవంబరులో ఒలోకో అనే ఊళ్ళో, తెల్లదొరలు నియమించిన ఊరిపెద్ద ఒకుగో పంపగా ఒక మనిషి జనాభా లెక్కకని ఒక పెద్దావిడ ఇంటికొచ్చాడు. ఆమె పేరు న్వాన్యెరూవా. పామాయిల్ తీస్తోంది. మేకల్నీ గొర్రెల్నీ మనుషుల్నీ లెక్కపెట్టి చెప్పమన్నాడు. లెక్క తరువాత వచ్చేది పన్నేనని ఆమెకు తెలుసు. "మీ అమ్మను లెక్కపెట్టావా?" అంది. నూనె చేతులతోనే కలబడింది. కబురు ఊరూరా పాకింది. ఆడవాళ్ళు ఒకుగో 'మీద కూర్చున్నారు'. అతని అధికార చిహ్నమైన టోపీ ఊడింది, జైలుకూ వెళ్ళాడు. ఆ తరువాత వేల వేల మంది స్త్రీలు కచేరీల మీదికి నడిచినప్పుడు సైన్యం కాల్పుల్లో యాభైమందికి పైగా చనిపోయారు. ప్రభుత్వ కాగితాల్లో అది 'అల్లర్లు'. వాళ్ళ నోట్లో అది 'ఆడవాళ్ళ యుద్ధం'. మన సారా ఉద్యమంలో నెల్లూరు పల్లెల ఆడవాళ్ళు కట్టిన పాటలు విన్నవాళ్ళకు ఈ యుద్ధం పరాయిగా అనిపించదు.

నవ్వులో తేడా ఇక్కడుంది. 'అప్ నెపా' నవ్వు కష్టాన్ని కాస్త తేలిక చేస్తుంది. తేలికయ్యాక మళ్ళీ మొయ్యొచ్చు. న్వాన్యెరూవా నవ్వుకు ఒక టోపీ రాలింది. ఆమెది మనసు ఊరడించుకునే హాస్యం కాదు, శిక్ష వేసే హాస్యం.

నైజీరియా రచయిత్రులను మళ్ళీ చదవడం మొదలుపెట్టింది ఈ తేడా తెలిశాకే. బూచీ ఎమెచెటా 'ది జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్' (1979)ను మనం ఎప్పుడూ కన్నీటి నవలగా చదువుతాం. పేరే పెద్ద ఎత్తిపొడుపు అని మాత్రం అంటాం. ఈసారి నేను నవ్వుతూ చదివాను. పల్లెనుంచి లాగోస్ వచ్చిన న్ను ఎగోకు, దొరసాని లోదుస్తులు ఉతికే మొగుణ్ణి చూసి కలిగే రోత, వీడా మగాడు అన్న విస్తుబోవడం, అదంతా 'మగాడి మీద కూర్చోవడమే'. కాకపోతే ఆమె పక్కన రోకళ్ళు పట్టుకుని ఇంకెవరూ లేరు, పట్నంలో ఆమె ఒక్కతే. నవల చివర బిడ్డల కోసం అరిగిపోయి రోడ్డు పక్కన దిక్కులేకుండా చనిపోయిన ఆ తల్లికి ఘనంగా గుడి కడతారు. పిల్లలు కావాలని ఎవరు మొక్కినా ఆమె మాత్రం ఇవ్వదు! ఇంతకన్నా నల్లటి హాస్యం నేను చదవలేదు.

లోలా షోనేయిన్ 2010లో 'ది సీక్రెట్ లైవ్స్ ఆఫ్ బాబా సెగీస్ వైవ్స్' రాసింది. ఈమె సోయింకా కొడుకును పెళ్ళాడింది. మామగారి నాటకం మనసులో పెట్టుకుని రాసిందో లేదో తెలియదు, నేను మాత్రం రెంటినీ పక్కపక్కన పెట్టకుండా చదవలేను. ఇబాదాన్‌లో ఇళ్ళ సామాను అమ్మే బాబా సెగీకి నలుగురు భార్యలు. నాలుగో ఆమె బోలాన్లే యూనివర్సిటీలో చదువుకున్నది. మిగతా ముగ్గురినీ పిల్లల పేర్లతోనే పిలుస్తారు: ఇయా సెగీ, ఇయా తోపే, ఇయా ఫెమీ. ఇయా అంటే అమ్మ. నన్నూ ఇలుపేజులో మా అబ్బాయి పేరు చేర్చే పిలిచేవారు. మన వీధుల్లో మాత్రం 'బుజ్జిగాడి వాళ్ళమ్మా' అనరా ఏమిటి? బోలాన్లేకు కడుపు రావడం లేదని మొగుడు ఆస్పత్రికి తీసుకెళ్తాడు. ఇంటినిండా పిల్లలున్నారు గనక లోపం ఆమెదేనని అతనికి సందేహమే లేదు. పరీక్షలు చేస్తే తేలింది లోపం అతనిదని. ముగ్గురు భార్యల పిల్లల్లో ఒక్కరికీ అతను తండ్రి కాడు! ఒక భార్య డ్రైవరు దగ్గరికి, ఒకామె మాంసం కొట్టువాడి దగ్గరికి, ఇలా ఎవరి దారి వాళ్ళు చూసుకుని, అతని ఇంటినీ పేరునీ నిలబెట్టారు. 1959లో ముసలాడు ఎరగా వాడిన అబద్ధం, 2010 నాటికి ఆడవాళ్ళు మోస్తున్న నిజమైంది. 'ఆ ఇంకో గది' తలుపు తీస్తే లోపల నవ్వుతున్నది పెద్దభార్య.

ఈ నవలను నేను నెత్తిన పెట్టుకోను. సవతుల కుట్రలో ఒక పడుచుపిల్ల ప్రాణం పోతుంది, ఆ చావును రచయిత్రి కాస్త తొందరగా దాటేసిందని నా ఫిర్యాదు. నిజం బయటపడ్డాక ముగ్గురు భార్యలూ అతను పెట్టిన షరతులకు తలొగ్గి ఆ ఇంట్లోనే ఉండిపోతారు, చదువుకున్నది మాత్రమే బయటికి నడుస్తుంది. చదువుంటే విముక్తి అనే మన మధ్యతరగతి నమ్మకానికి అది మరీ అనుకూలమైన ముగింపు. ఆ నమ్మకాన్ని చెంప ఛెళ్ళుమనిపించిన నాటకం టెస్ ఒన్వుయెమె 'టెల్ ఇట్ టు విమెన్'. 1987లో అప్పటి సైనిక పాలకుడి భార్య మరియం బబంగిడా పల్లె స్త్రీల 'మెరుగైన బతుకు' కోసం ఒక పథకం పెట్టింది. జనం దాన్ని 'డబ్బున్న ఆడవాళ్ళ మెరుగైన బతుకు' అని మార్చి పిలుచుకున్నారు. ఒన్వుయెమె నాటకంలో అలాంటి పథకం కోసమే పల్లె నుంచి ప్రతినిధిగా ఎంపికైన యెమోజా పట్నం వస్తుంది. ఆమెను తెచ్చిన అధికారిణి, స్త్రీవాద పండితురాలు కలిసి ఆమె చేత ఇంటిచాకిరీ చేయించుకుంటారు! చదువుతుంటే నాకు మన సదస్సులు, మన వర్క్‌షాపులు, అక్కడ టీ అందించే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. నవ్వలేకపోయాను. మన మీద కూర్చున్న పుస్తకం అది.

ఉత్తరాన కానో పట్నం స్త్రీలు హౌసా భాషలో రాసే చవక నవలలు మరో లోకం. వాటిలో బలరబా రమత్ యాకుబు 1990లో రాసిన నవల ఒకటి 2012లో ఇంగ్లీషులోకి వచ్చింది. వేసినది లండన్ వాళ్ళు కాదు, మన చెన్నైలోని బ్లాఫ్ట్ ప్రచురణ సంస్థ! పన్నెండు, పదమూడేళ్ళకే పెళ్ళయిన స్త్రీ ఆమె. దేశాధినేతగా పనిచేసిన జనరల్ ముర్తలా మొహమ్మద్‌కు చెల్లెలు. రెండో పెళ్ళాన్ని తెచ్చుకుని మొదటి భార్యనూ పిల్లల్నీ వీధిలోకి గెంటిన వర్తకుడి కథ. ఆమె వంటలు అమ్మి పిల్లల్ని పైకి తెస్తుంది, చితికిపోయిన మొగుడు మళ్ళీ గుమ్మంలోకొస్తే పెద్దమనుషులు ఏలుకోమంటారు. ఈ నవలల మీద అక్కడి పండితుల నింద ఏమిటో తెలుసా? హిందీ సినిమాలు చూసి రాస్తారని! తోసెయ్యడానికి ఆ ఒక్క మాట చాలు. మన సీరియల్ నవలా రచయిత్రులను ఎన్ని మాటలన్నామో మనకీ గుర్తే.

బుహారీ 2025లో చనిపోయాడు. 'ఆ ఇంకో గది' బతికే ఉంది. 2022 మార్చిలో స్త్రీలకు చట్టసభల్లో అదనపు స్థానాలు కేటాయించే బిల్లుతో సహా ఐదు బిల్లుల్ని పార్లమెంటు తోసిపుచ్చింది. పరాయి దేశపు పెళ్ళానికి పౌరసత్వం దొరుకుతుంది, పరాయి దేశపు మొగుడికి దొరకదు, దాన్ని మార్చే బిల్లు కూడా వాటిలో ఉంది. 2024 జూలైలో సెనేట్ అధ్యక్షుడు గాడ్స్‌విల్ అక్పాబియో, సెనేటర్ నటాషా అక్పోటీ ఉదువాఘన్‌ను ఉద్దేశించి ఇది నైట్‌క్లబ్బు కాదన్న అర్థంలో మాట్లాడి తరువాత క్షమాపణ చెప్పాడు. మరుసటేడు ఆమె అతని మీద లైంగిక వేధింపుల ఆరోపణ చేసింది. అతను ఖండించాడు. 2025 మార్చిలో సభ ఆమెను ఆరు నెలలు సస్పెండ్ చేసింది. కూర్చునే కుర్చీ దగ్గర మొదలైన గొడవలో సభా నియమాలు ఉల్లంఘించిందన్నది కారణం. మళ్ళీ జోకులు. ఈసారి కుర్చీ మీద.

మా లాగోస్ అమ్మాయి థీసిస్ అయిపోయి వెళ్ళేముందు నా పాత ఉత్తరాలు చూడాలంది. జనరేటర్ ఉత్తరం తీసి ఇంగ్లీషులో చదివి వినిపించాను. సిగ్గుగా ఉంది, ఇంత చవకబారుగా రాశానా అని. ఎదురింటాయన గురించిన చెణుకులు, ఫ్యాన్ వంతులు, అన్నీ మౌనంగా వింది. మిషన్ గంటకల్లా ఆగిపోయేదన్న వాక్యం దగ్గర మాత్రం ఒక్కసారిగా ఫక్కుమని నవ్వి, ఇక ఆపుకోలేక బల్ల మీద తల వాల్చేసింది.

"ఏమిటమ్మా?"

"మేడమ్, పెట్రోలు పోసేది ఎవరన్నారు?"

"పెద్దావిడ."

"ఎంత పోసేది?"

ఇరవై ఏళ్ళ తరువాత, హైదరాబాదులో నా గదిలో కూర్చుని, తెల్లవారుజామున పిండి గిలక్కొడుతున్న ఆ ఇద్దరి నవ్వు నాకప్పుడు వినిపించింది.